జిమ్ముకు పోయేది గంట... మిగతా 23 గంటల సంగతి?

1950ల నాటి లండన్ డబుల్ డెక్కర్ బస్సులో ఇద్దరు ఉద్యోగులుండేవారు. డ్రైవరు షిఫ్టంతా సీటుకు అతుక్కుపోయేవాడు. కండక్టరు మాత్రం టికెట్లు కొడుతూ రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కేవాడు. ఇద్దరివీ ఒకేలాంటి కుటుంబాలు, ఒకేలాంటి బతుకులు. జెర్రీ మారిస్ అనే వైద్యుడు వాళ్ల ఆరోగ్య రికార్డులు తిరగేస్తే గుండెజబ్బులు డ్రైవర్లలోనే ఎక్కువగా కనిపించాయి. 1953లో ‘లాన్సెట్’లో అచ్చయిన ఆ పరిశోధన వైద్యశాస్త్రంలో ఓ మలుపు. మూడేళ్ల తర్వాత మారిస్ బృందం మరో చిత్రమైన పని చేసింది. సంస్థ కుట్టించి ఇచ్చే యూనిఫాం ప్యాంట్ల కొలతల పుస్తకం తెప్పించి చూసింది. ఏ వయసు వాళ్లను తీసుకున్నా డ్రైవర్ల నడుమే లావు. కుర్ర డ్రైవర్లలోనూ ఆ తేడా ఉండటంతో ఇంకో అనుమానం కూడా అప్పుడే పుట్టింది: కూర్చునే ఉద్యోగం వల్ల లావయ్యారా, లేక లావుగా ఉన్నవాళ్లే డ్రైవరు సీటు కోరుకున్నారా?

ఆ అనుమానంతో ముడిపడ్డ ప్రశ్న మీదే తర్వాత అమెరికాలో మేయో క్లినిక్ వైద్యుడు జేమ్స్ లెవైన్ ఓ విచిత్రమైన ప్రయోగం చేశారు. 16 మందికి 8 వారాల పాటు రోజూ అవసరానికి మించి 1,000 క్యాలరీల తిండి పెట్టించారు. వ్యాయామం పెంచకూడదన్నది షరతు. అందరూ తిన్న అదనపు తిండి ఒక్కటే. ఒంటికి పట్టిన కొవ్వు మాత్రం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంది. ఒకరికి అరకిలో కూడా పెరగలేదు, ఇంకొకరికి నాలుగు కిలోల పైచిలుకు చేరింది. కొవ్వు పట్టనివాళ్లు తమకు తెలియకుండానే ఎక్కువగా కదిలారు. లేచారు, నిలబడ్డారు, అటూ ఇటూ తిరిగారు, కాళ్లు ఆడించారు. వ్యాయామం లెక్కలోకి రాని ఈ కదలికల ఖర్చుకే ‘నీట్’ అని పేరు. మన పిల్లల్ని హడలెత్తించే ఎంట్రన్స్ పరీక్షకు దీనికి సంబంధం లేదు.

2005లో లెవైన్ ఇంకో అడుగు ముందుకేశారు. సన్నగా ఉన్న పది మందికి, కాస్త లావుగా ఉన్న పది మందికి సెన్సర్లు కుట్టిన లోదుస్తులు తొడిగించి, పది రోజుల పాటు వాళ్ల ప్రతి కదలికనూ నమోదు చేశారు. లావుగా ఉన్నవాళ్లు సన్నటివాళ్లకంటే రోజుకు రెండు గంటలకు పైగా ఎక్కువ కూర్చుంటున్నారని తేలింది. ఆ రెండు గంటలూ లేచి తిరిగితే రోజుకు సుమారు 350 క్యాలరీలు ఖర్చవుతాయి. సన్నటివాళ్లకు తిండి పెంచి లావు చేసినా వాళ్ల తిరుగుడు తగ్గలేదు. లావుపాటి వాళ్లను చిక్కించినా వాళ్ల కూర్చునే అలవాటు పోలేదు. అంటే ఇది ఉత్త బద్ధకం కాదు, ఒంటి స్వభావం కూడా. లావుగా ఉన్నవాళ్లను చూసి ‘కాస్త ఒళ్లు వంచొచ్చుగా’ అనే చుట్టాలు ఈ సంగతి తెలుసుకుంటే మంచిది.

ఇక హైదరాబాద్‌కు వద్దాం. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇక్కడి ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించి 2025లో ఫలితాలు ప్రకటించారు. వాళ్లలో 84 శాతం మంది కాలేయంలో కొవ్వు పేరుకుని ఉంది. 71 శాతం మందికి స్థూలకాయం. రోజుకు ఎనిమిది గంటలకు పైగా కుర్చీలో గడిపేవాళ్లే వీళ్లలో ఎక్కువ. పొద్దున గంటసేపు ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తి, ఆ తర్వాత పది గంటలు కూర్చునే మనిషి ఆఫీసుల్లో కొత్తేమీ కాదు.

మనవాళ్ల విషయంలో మరో మెలిక ఉంది. పుణెకు చెందిన వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ స్నేహితులు. ఇద్దరి బీఎంఐ అచ్చంగా ఒకటే, 22.3. తూకం యంత్రం దృష్టిలో ఇద్దరూ నాజూకు మనుషులే. కానీ ఒంట్లో కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. ఇద్దరి ఫొటో పక్కపక్కనే పెట్టి 2004లో ‘లాన్సెట్’లో అచ్చేశారు. చూడ్డానికి సన్నగా ఉండి లోపల కొవ్వు మోసే భారతీయ శరీరం గురించి ఎన్ని ఉపన్యాసాలిచ్చినా రాని స్పష్టత ఆ ఒక్క ఫొటోతో వచ్చింది. అందుకే మనకు బరువుకంటే నడుము చుట్టుకొలత ముఖ్యం. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో టేపు చుట్టి, ఊపిరి మామూలుగా వదిలాక చూడాలి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాల్సిందే. ప్యాంటు సైజు చూసుకుని సంబరపడితే లాభం లేదు. మనవాళ్లు ప్యాంటును బొజ్జ కిందకు దించి కట్టుకుంటారు మరి.

కుర్చీ వదలడం కుదరని వాళ్ల కోసం హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో మార్క్ హామిల్టన్ ఓ కిటుకు కనిపెట్టారు. 2022లో బయటికొచ్చిన ఈ పద్ధతి చూస్తే నవ్వొస్తుంది. కుర్చీలో నిటారుగా కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, మునివేళ్లు కదలకుండా మడమలు పైకి లేపాలి. ఎంతవరకు లేస్తాయో అంతవరకు లేపి వదిలేయాలి. మడమ టక్కున నేలను తాకుతుంది. మళ్లీ లేపాలి. కుట్టుమిషను తొక్కినవాళ్లకు ఈ కదలిక కొత్త కాదు. పనంతా చేసేది పిక్కలో లోపలి పొరగా ఉండే ‘సోలియస్’ కండరం. ఒంటి బరువులో అది ఒక్క శాతమే. మిగతా కండరాలు తమలో దాచుకున్న చక్కెరను వాడుకుంటే, ఇది మాత్రం ఎక్కువగా రక్తంలోని చక్కెరనూ కొవ్వునూ లాక్కుంటుంది. పైగా గంటల తరబడి పనిచేసినా అలసిపోదు. గ్లూకోజు నీళ్లు తాగిన వాళ్లు ఇలా మడమలాడిస్తే, రక్తంలో చక్కెర పెరుగుదల 52 శాతం తగ్గింది. అయితే వాళ్లు పరికరాలు తగిలించుకుని, సరైన పద్ధతి నేర్చుకుని, చాలాసేపు చేశారన్నది మరిచిపోకూడదు. మీటింగులో రెండు నిమిషాలు కాలాడిస్తే బొజ్జ కరిగిపోదు. సినిమా చూస్తూ రెండున్నర గంటలూ ఆడిస్తే మాత్రం నష్టమేమీ లేదు, పక్క సీటువాళ్లు ఒప్పుకుంటే.

లేవగలిగిన వాళ్లకు ఇంతకంటే సులువైన దారి ఉంది. కొలంబియా విశ్వవిద్యాలయంలో కీత్ డియాజ్ 11 మందిని ఎనిమిది గంటల చొప్పున కుర్చీల్లో కూర్చోబెట్టి, వేర్వేరు రోజుల్లో వేర్వేరు విరామాలిచ్చి చూశారు. అరగంటకోసారి లేచి ఐదు నిమిషాలు నడిచిన రోజున, భోజనం తర్వాత చక్కెర పెరగడం 58 శాతం తగ్గింది. రక్తపోటూ నాలుగైదు పాయింట్లు దిగింది. అలసట తగ్గి, మనసు తేలికపడిందని కూడా వాళ్లు చెప్పారు. మధ్యాహ్నం మూడింటికి కళ్లు మూతలు పడుతుంటే టీ కోసం వెతుక్కునే వాళ్లు గమనించాల్సిన ముక్క ఇది. టీ కోసం వెతుక్కున్నా ఫర్వాలేదు, ఆ కొట్టు రెండు వీధుల అవతల ఉంటే.

అన్నం తిన్నాక నాలుగడుగులు వేయాలన్న మాట ప్రతి ఇంట్లోనూ వినిపించేదే. జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో లొరెట్టా డిపియెట్రో దానికి లెక్క కట్టారు. అరవై దాటి, మధుమేహం అంచున ఉన్న పది మందిని మూడు పూటలా భోజనం అయ్యాక పావుగంట చొప్పున నడిపించారు. ఇంకో రోజు అదే నడకను పొద్దున్న ఒకేసారి 45 నిమిషాలు చేయించారు. రోజు మొత్తం మీద చక్కెర అదుపులో ఉంచడంలో రెండూ సమానంగానే నిలిచాయి. రాత్రి భోజనం తర్వాత పెరిగే చక్కెర దగ్గర మాత్రం పావుగంట నడకదే పైచేయి. తినగానే సోఫాలో వాలిపోయి సీరియల్ పెట్టుకునే వేళ అది. ఆ కాసేపూ అపార్ట్‌మెంట్ చుట్టూ తిరిగినా చాలు.

ఇక్కడ ఓ నిజం ఒప్పుకోవాలి. ఎక్కువ కదిలితే ఎక్కువ క్యాలరీలు ఖర్చయి కొవ్వు దానంతటదే కరుగుతుందన్న సూత్రం అంత సూటిగా పనిచేయదు. టాంజానియాలో వేటాడుతూ, దుంపలు తవ్వుకుంటూ బతికే హడ్జా ప్రజలు రోజూ ఎన్నో కిలోమీటర్లు నడుస్తారు. 2012లో హెర్మన్ పాంట్జర్ వాళ్ల ఖర్చు కొలిస్తే, ఒంటి బరువుకు తగ్గట్టు సవరించాక అది ఆఫీసుల్లో కూర్చునే పాశ్చాత్యుల ఖర్చుకు దాదాపు సమానంగా తేలింది. శరీరం ఒకచోట ఖర్చు పెరిగితే ఇంకోచోట పొదుపు చేసుకుంటుందని ఆయన వాదన. కదలిక వల్ల అసలు లాభం క్యాలరీల లెక్కలో కంటే, తిన్న చక్కెరనూ కొవ్వునూ ఒళ్లు ఎలా సర్దుకుంటుందన్న దాంట్లోనే ఎక్కువ. నడుము తగ్గాలంటే కంచం మీద కూడా చెయ్యి పడాలి.

హడ్జాల గురించి ఇంకో సంగతి కూడా మనకు పనికొస్తుంది. వాళ్లు పగలు దాదాపు పది గంటలు విశ్రాంతిగానే ఉంటారు. ఆ లెక్కన మన ఆఫీసు ఉద్యోగులకేం తీసిపోరు. కాకపోతే వాళ్లకు కుర్చీల్లేవు. గొంతుక్కూర్చుంటారు, మోకాళ్ల మీద కూర్చుంటారు. ఆ భంగిమల్లో కాళ్ల కండరాలు పూర్తిగా నిద్రపోవని 2020లో వచ్చిన పరిశోధన తేల్చింది. ఒకప్పుడు తెలుగిళ్లలో కూరలు తరగడం, బియ్యం ఏరడం, చివరికి ఊరి రచ్చబండ కబుర్లూ ఇలా కూర్చునే జరిగేవి. కత్తిపీట పోయి కిచెన్ ప్లాట్‌ఫాం వచ్చింది, పీట పోయి డైనింగ్ టేబుల్ వచ్చింది. మోకాళ్లు అరిగిన పెద్దవాళ్లను మళ్లీ కిందకు దించమని ఎవరూ అనరు. మోకాళ్లు బాగున్నవాళ్లు మాత్రం బట్టలు మడతపెట్టేటప్పుడో, ఫోను చూసేటప్పుడో చాపేసుకుని కూర్చుంటే చాలు. అరగంటలో పదిసార్లు భంగిమ మార్చాల్సి వస్తుంది. నేలమీద కూర్చోవడంలోని అసౌకర్యమే దాని సుగుణం.

కంచం దగ్గరికి వస్తే, చిత్రమైన అలవాట్లలో బాగా రుజువైంది తినే వరస మార్చడం. న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాలలో అల్పనా శుక్లా బృందం 2015లో 11 మంది మధుమేహ రోగులకు ఒకే భోజనాన్ని రెండు వరసల్లో పెట్టింది. ఒకరోజు రొట్టె, పళ్లరసం ముందు. ఇంకో రోజు కూరగాయలు, చికెన్ ముందు, రొట్టె చివర. తిండిలో ఒక్క గింజ కూడా మారలేదు. కూరగాయలు, మాంసం ముందు తిన్న రోజు గంట తర్వాత రక్తంలో చక్కెర 37 శాతం తక్కువగా ఉంది. పీచు, మాంసకృత్తులు ముందుగా చేరితే పొట్టలోంచి తిండి నెమ్మదిగా దిగుతుంది, చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. ఎగబాకనిది ఢమాలున పడిపోదు కూడా. తిన్న రెండు గంటలకు వచ్చే నీరసం, మళ్లీ ఏదో నమలాలనిపించడం కూడా ఇందువల్ల తగ్గొచ్చు.

చెప్పినంత తేలిక కాదు, తెలుగు భోజనం దీనికి బొత్తిగా ఎదురు తిరుగుతుంది. మనకు కంచంలో ముందు పడేదే అన్నం. పచ్చడితో ఓ నాలుగు ముద్దలు, పప్పుతో ఇంకాస్త, కూరతో మారు వడ్డింపు, చారుతో మళ్లీ, ఆఖరుకు పెరుగన్నం. మొదటి నుంచి చివరి దాకా అన్నమే వాహనం. కూర అన్నానికి ఆదరువు మాత్రమే. కూర ఉత్తదే తినమంటే ‘జబ్బు మనిషి తిండి’ అనుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. దీనికో మధ్యేమార్గం ఉంది. అన్నం వడ్డించకముందే గిన్నెలో బెండకాయో, బీరకాయో, ఆకుకూర పప్పో పెట్టుకుని స్పూనుతో తినేయాలి. పక్కన ఉడికించిన గుడ్డో, వేయించిన చేప ముక్కో ఉంటే మరీ మంచిది. ఆ తర్వాతే అన్నం. రెండోసారి వడ్డించుకునే చెయ్యి దానంతటదే వెనక్కి తగ్గుతుంది. టిఫిన్‌లో అయితే పెసరట్టుకే ఓటు, మధ్యలో ఉప్మా పెట్టించుకోనంత వరకు.

ఎంత తినాలన్నదానికి తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో ఓ కొలత ఇచ్చింది. రోజువారీ శక్తిలో బియ్యం, గోధుమ, చిరుధాన్యాల వాటా 45 శాతం దాటొద్దంది. వాస్తవం దానికి చాలా దూరంలో ఉంది. భారతీయులు తినే శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే చెబుతోంది.

అన్నం మానలేని వాళ్లకు చద్దన్నం కొంత ఊరట. వండిన అన్నం చల్లారితే అందులోని పిండిపదార్థం కొంత అరగని రూపంలోకి మారుతుంది. ఇండొనేసియాలో చేసిన ఓ పరిశోధనలో, ఒకరోజంతా ఫ్రిజ్‌లో ఉంచి మళ్లీ వేడిచేసిన అన్నంలో ఇలాంటి పిండిపదార్థం అప్పుడే వండిన దానికంటే రెండింతలకు పైగా ఉంది. అది తిన్నవాళ్లకు చక్కెర పెరగడమూ తగ్గింది. అయినా అది వంద గ్రాములకు రెండు గ్రాములు కూడా లేదు. చద్దన్నం కదా అని రెండు రెట్లు లాగిస్తే లెక్క తలకిందులవుతుంది.

ఎప్పుడు తింటున్నాం అన్నది తర్వాతి ప్రశ్న. కాలిఫోర్నియాలోని సాల్క్ సంస్థలో పనిచేసే ఒడిశా శాస్త్రవేత్త సచ్చిదానంద పండా, జనం ఏం తిన్నా ఫొటో తీసి పంపే యాప్ ఒకటి తయారు చేయించారు. సగానికి పైగా జనం రోజులో 15 గంటల పాటు ఏదో ఒకటి నోట్లో వేసుకుంటూనే ఉన్నారు. బెడ్ కాఫీతో మొదలై, రాత్రి పడుకోబోయే ముందు గుప్పెడు మిక్చర్‌తో ముగిసే మన దినచర్య కూడా అంతే కదా. లావుగా ఉన్న ఎనిమిది మందిని ఆ వ్యవధిని 10, 11 గంటలకు కుదించమన్నారు. ఫలానాది తినొద్దని ఎవరూ చెప్పలేదు. 16 వారాల్లో సగటున మూడు కిలోల పైన తగ్గారు. రాత్రి బాగా నిద్రపట్టిందని, పగలు హుషారుగా ఉందని అన్నారు. ఎనిమిది మంది అంటే చిన్న ప్రయోగమే. పెద్ద ప్రయోగం 2022లో చైనాలోని గ్వాంగ్జౌలో జరిగింది. 139 మందిలో అందరికీ క్యాలరీలు తగ్గించి, సగం మందిని ఉదయం 8 నుంచి సాయంత్రం 4 లోపే తినమన్నారు. ఏడాది తర్వాత రెండు బృందాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. దీన్నిబట్టి బరువు విషయంలో గడియారంలో మహిమేమీ లేదనుకోవాలి. రాత్రి ఎనిమిదికి వంటిల్లు మూసేస్తే, ఆ తర్వాత తినబోయే చిరుతిళ్లు తప్పుతాయి. లాభం అక్కడే.

పనికిరాని చిట్కాలూ కొన్ని ఉన్నాయి. ఐసు నీళ్లు తాగితే ఒళ్లు వేడెక్కడానికి కొవ్వు కరుగుతుందంటారు. అర లీటరు ఐసు నీళ్లను ఒంటి వేడికి తేవడానికి అయ్యే ఖర్చు సుమారు 18 క్యాలరీలు, ఒక మేరీ బిస్కెట్టుకైనా సరిపోవు. నడుముకు బెల్టు చుట్టుకుని చెమటలు కక్కితే పోయేది నీరే, రెండు గ్లాసులు తాగితే తిరిగొస్తుంది. కొవ్వు ఎటు పోతుందో 2014లో ఇద్దరు ఆస్ట్రేలియా పరిశోధకులు లెక్కకట్టారు: 10 కిలోల కొవ్వు కరిగితే 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా మారి ఊపిరితో బయటికి పోతుంది. ఇక చిన్న కంచంలో తింటే తక్కువ తింటారన్న సలహాకు పెద్దదిక్కయిన అప్పటి కార్నెల్ ప్రొఫెసర్ బ్రయన్ వాన్సింక్, పరిశోధనల్లో అక్రమాలకు పాల్పడ్డారని 2018లో ఆయన విశ్వవిద్యాలయమే తేల్చింది. పదికి పైగా పరిశోధన పత్రాలను పత్రికలు వెనక్కి తీసుకున్నాయి. చిన్న కంచమైతే రెండుసార్లు వడ్డించుకుంటారని మన అమ్మమ్మలు ఎప్పుడో చెప్పి ఉండేవాళ్లు.

కొవ్వు తగ్గించే పనుల్లో అందరూ తేలిగ్గా తీసుకునేది నిద్ర. షికాగో విశ్వవిద్యాలయంలో పది మందికి రెండు వారాలు ఒకే రకం పథ్యం పెట్టి, ఒక దఫా రాత్రికి ఎనిమిదిన్నర గంటలు, మరో దఫా ఐదున్నర గంటలు పడక మీద ఉండనిచ్చారు. రెండుసార్లూ బరువు ఇంచుమించు మూడు కిలోలే తగ్గింది. ఎక్కువ నిద్రపోయినప్పుడు అందులో కొవ్వు 1.4 కిలోలు. తక్కువ నిద్రపోయినప్పుడు 0.6 కిలోలే, మిగతాదాంట్లో ఎక్కువ కండే. ఆకలేసిందని కూడా అప్పుడే ఎక్కువగా చెప్పారు. అదే విశ్వవిద్యాలయంలో ఎస్రా తసాలి, నిద్ర తక్కువైన 80 మంది మీద ఇంకో ప్రయోగం చేసి 2022లో ప్రకటించారు. తిండి గురించి ఒక్క ముక్క చెప్పకుండా, వాళ్లలో కొందరు నిద్ర మాత్రం గంటకు పైగా పెంచుకునేలా చూశారు. వాళ్లు తమంతట తామే రోజుకు 270 క్యాలరీలు తక్కువ తిన్నారు.

సాయంత్రం కాఫీ ఈ నిద్రకు తొలి శత్రువు. పడుకునే ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్, అంటే నాలుగు గట్టి కప్పుల కాఫీ తాగినా నిద్ర గంటకు పైగా కోసుకుపోయిందని 2013లో ఓ ప్రయోగంలో తేలింది. మధ్యాహ్నం తర్వాత కాఫీ తాగకపోతే సగం సమస్య తీరుతుంది.

అమెరికా వేళలకు రాత్రంతా పనిచేసే వాళ్లకు ఈ నిద్ర పాఠాలు పుండు మీద కారమే. వాళ్ల కోసం బోస్టన్‌లో 2021లో ఓ ప్రయోగం జరిగింది. 19 మందిని ప్రయోగశాలలో రాత్రి షిఫ్టు పద్ధతిలో ఉంచారు. రాత్రిపూట తిన్నవాళ్ల రక్తంలో సగటు చక్కెర 6.4 శాతం పెరిగింది. రాత్రి మేలుకున్నా పగలు మాత్రమే తిన్నవాళ్లలో చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు. ఆ లెక్కన సాయంత్రం ఏడింటికి ఇంట్లో కడుపునిండా భోంచేసి షిఫ్టుకు వెళ్లడం, అర్ధరాత్రి రెండింటికి క్యాంటీన్ బిర్యానీ బదులు మజ్జిగతోనో, గుప్పెడు పల్లీలతోనో సరిపెట్టుకోవడం, తెల్లారాక ఇల్లు చేరి టిఫిన్ తిని పడుకోవడం మేలు. ఇన్సులిన్ గానీ, చక్కెర బాగా తగ్గించే మాత్రలు గానీ వాడేవాళ్లు భోజన వేళలు మార్చేముందు డాక్టరుతో మాట్లాడి మోతాదు సరిచూసుకోవాలి. లేకపోతే రాత్రి మధ్యలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.